రోజంతా నీళ్లు పోశానంటాడు: మాంటిస్సోరి బడిలో అసలేం జరుగుతుంది?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి)
మా అబ్బాయికి మూడున్నర ఏళ్లు. జూన్‌లో మాంటిస్సోరి పద్ధతిలో నడిచే బడిలో చేర్పించాము. రెండు నెలలు దాటినా ఇంటికి పలక గానీ, హోమ్‌వర్క్ గానీ రాలేదు. ఏం చేశావు నాన్నా అని అడిగితే నీళ్లు పోశానంటాడు. ఇదే వయసున్న మా తోటికోడలి కూతురు అప్పుడే అచ్చులు రాస్తున్నదని మా అత్తగారు రోజూ గుర్తుచేస్తున్నారు. పిల్లల ఇష్టానికి వదిలే బడిలో పూట ఎలా గడుస్తుందో, టీచరు చేసే పని ఏమిటో లోపలి నుంచి తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (హైదరాబాదు, మాంటిస్సోరి ఉపాధ్యాయురాలు)
మీ అబ్బాయి చెప్పినది నిజమే అయి ఉంటుంది, అది వృథాగా పోయిన సమయం కాదమ్మా. మా తరగతిలో పిల్లలు తొమ్మిదింటికల్లా వచ్చి, చెప్పులు విడిచి, సంచీ తమ కొక్కేనికి తగిలించి, అరల్లోంచి తమకు కావలసిన పని సామగ్రిని తెచ్చుకుంటారు. అక్కడి నుంచి దాదాపు మూడు గంటలు గంట మోగదు. ఆకలైన బిడ్డ మధ్యలో వెళ్లి తినివస్తాడు.

నీళ్లు పోయడం ముందు గింజలతో మొదలవుతుంది. చిన్న జగ్గును రెండు చేతులా పట్టుకొని, అంచు దాటకుండా ఆపి, ఒలికిన చుక్కను తానే గుడ్డతో తుడిచే పిల్లవాడికి మణికట్టు మీద పట్టుతో పాటు, మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేసే ఓపిక కూడా వస్తుంది. రేపు పెన్సిలు పట్టడానికి కావలసినవి ఈ రెండే. 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో ఈ పద్ధతి మొదటి బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, మూడేళ్ల పాప ఒకతె చిన్న కొయ్య స్తూపాలను వాటి గుంతల్లో అమర్చడంలో లీనమై, కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టినా పని ఆపకపోవడం చూశారు. పిల్లల ఏకాగ్రతకు అడ్డుపడకూడదన్న ఆమె పట్టుదలకు ఇటువంటి పరిశీలనలే ఆధారం.

అయితే ఇష్టానికి వదిలేయడం అన్న మాట సరికాదు. టీచరు ముందుగా చూపించిన పనినే ఎంచుకోవాలి, పక్కవారిని కదిలించకూడదు, తీసిన చోటే తిరిగి పెట్టాలి. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా ఉండే పది గులాబీరంగు ఘనాల గోపురం గదిలో ఒక్కటే ఉంటుంది కాబట్టి, కావాలనుకున్నవాడు తన వంతు వచ్చేదాకా ఆగాలి. నా పనిలో ఎక్కువ భాగం చూడటం, రాసుకోవడం. ఎవరికి ఏ పని ఎప్పుడు చూపాలో ఆ పుస్తకమే చెబుతుంది. మీరు దాన్ని అడిగి చూడవచ్చు.

జవాబు 2 (విశాఖపట్నం, ఒక తండ్రి)
మా అమ్మాయి మూడేళ్లూ మాంటిస్సోరి బడిలోనే చదివింది. అక్షరాభ్యాసంనాడు బియ్యంలో వేలు పెట్టి దిద్దించినట్టే, అక్కడ గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడిమి, ధ్వని పలికి నేర్చుకున్నది. చదవడం ఆలస్యంగా వచ్చినా తొందరగా సాగింది. ఒక ఇబ్బంది దాచను: ఒకటో తరగతికి మామూలు బడిలో చేరాక, పని సగంలో ఆపి పుస్తకం మూయమంటే ఆమె కొన్ని నెలలు చాలా బాధపడింది.

జవాబు 3 (వరంగల్)
మాంటిస్సోరి అన్న పేరును బోర్డుమీద ఎవరైనా రాసుకోవచ్చు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉన్నారా, టీచరు శిక్షణ పొందినవారా, మధ్యలో పీరియడ్లు మారుతున్నాయా అన్నది అరగంట మౌనంగా కూర్చొని చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు
శనివారం అత్తగారిని కూడా తీసుకువెళ్లి చూడటానికి అనుమతి అడిగాను. ఇంట్లో కూడా నీళ్లు పోయనివ్వాలా?

జవాబు 1
తప్పకుండా. చిన్న స్టీలు చెంబు, రెండు గ్లాసులు, ఒక తుడుపుగుడ్డ వాడి చేతికి అందే ఎత్తులో పెట్టండి. ఒలికినప్పుడు మీరు లేవకండి, గుడ్డ ఎక్కడుందో వాడికి తెలుసు.