అప్‌డేట్: ఫోను చూపిస్తేనే అన్నం తినే మా పాప

నెలన్నర కిందట, మూడున్నరేళ్ల మా పాప ఫోనులో బొమ్మలు చూపిస్తే తప్ప ముద్ద మింగడం లేదని మిమ్మల్ని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మొదటి నాలుగు రోజులు చాలా కష్టంగా గడిచాయి. ఒక రాత్రి పాప పాలు మాత్రమే తాగి పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. అయితే మీలో ఒకరు చెప్పినట్టు, ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మేము నిర్ణయించి, ఎంత తినాలన్నది బిడ్డకే వదిలేశాక మార్పు కనిపించింది. మా అత్తగారు రాగి సంగటిని ఉసిరికాయంత ముద్దలుగా చేసి, పక్కన కారం తగ్గించిన ఊరుబిండి పచ్చడి వేసి, పళ్ళెం పాప ముందే పెట్టారు. సగం నేలపాలైనా ఎవరమూ ఏమీ అనలేదు. ఇప్పుడు ముద్దలు తనే లెక్కపెట్టుకుంటూ తింటోంది, ఆ లెక్క వింటుంటే నాకు కడుపు నిండిపోతోంది.

మూడు, నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు 1 గంట మించకూడదని, నిద్ర 10 నుంచి 13 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మేమిప్పుడు ఫోను అరగంటకు తగ్గించి, సాయంత్రం ఇక్కడ తిరుపతిలోని కపిలతీర్థం వైపు నడిపించుకు వెళుతున్నాము; ఇంటికొచ్చేసరికి ఆకలని తనే అడుగుతోంది.

చిత్తూరులోని మా అమ్మగారింటికి వెళ్లే బస్సులో మాత్రం ఇంకా ఫోను కోసం మారాం చేస్తోంది. దానికి ఉపాయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.