అక్టోబరులో తరగతులు మొదలైతే, రెండేళ్ల వ్యవసాయ డిప్లొమాకు పొలం ప్రాక్టికల్స్ ఎలా సర్దుకోవాలి?

రేగడి_చల్కా అడిగారు:

మాది తాండూరు వైపు, యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే వ్యవసాయ పాలిటెక్నిక్. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా, నాలుగు సెమిస్టర్లు, సంవత్సరానికి 60 మంది. కాలేజీకి 5 ఎకరాలుంది. అందులో 2 ఎకరాలు నల్లరేగడి, నీటి వసతి లేదు. మిగతా 3 చల్కా (ఇసుక పాలెక్కువున్న ఎర్రనేల), ఒక్కటే బోరు.

మొదటి సంవత్సరం పిల్లలు వచ్చేసరికి దసరా దాటుతుంది. అప్పటికి వానాకాలం పంట కోతకు దగ్గర పడుతుంది, వీళ్లు గట్టు మీద నిలబడి చూడటమే అవుతుంది. జూన్‌లో నారు పోసేటప్పుడేమో రెండో సెమిస్టర్ పరీక్షల హడావిడి. దుక్కి నుంచి కోత దాకా ఒక్క పంటయినా పిల్లల చేతుల మీదుగా నడవాలంటే నాలుగు సెమిస్టర్లను ఎలా పంచుకోవాలి? మొదట ఏ పంట పెట్టాలి? మడి ఎంత ఉండాలి, ఒక్కో మడికి ఎంతమంది? ల్యాబుకు ముందుగా ఏం కొనాలి?

ఇరువాలు జవాబు:

ముందు పన్నెండు నెలల పట్టిక ఒకటి గోడకు తగిలించి, దాని మీద సెమిస్టర్లు గీయండి సార్. కోర్సులను ఒక సెమిస్టర్ నుంచి ఇంకోదానికి జరపడం మన చేతిలో లేదు. సెమిస్టర్ లోపల ప్రాక్టికల్స్ వరుస మార్చుకోవడం మాత్రం మనదే. చాలాచోట్ల పాఠం వచ్చినప్పుడు పొలానికి తీసుకెళ్తారు, పొలంలో పని పడినప్పుడు మాత్రం వెళ్లరు. ఇబ్బంది అక్కడే.

మొదటి సెమిస్టరుకు రేగడిలో శనగ పెట్టండి. నవంబరు మొదటి పక్షం దాటకుండా విత్తితే జేజీ 11 లాంటి రకం ఫిబ్రవరిలో, సెమిస్టర్ ముగిసేలోపే చేతికొస్తుంది. ఇంకా ఆలస్యమైతే గింజ గట్టిపడే వేళకు ఎండలు ముదిరి కాయ తాలుపోతుంది. దుక్కి మాత్రం పిల్లలు వచ్చాక చేయిద్దామని ఆపొద్దు. రేగడిలో పదును, అంటే దుక్కికి తగిన తేమ, మనకోసం ఆగదు. ట్రాక్టరుతో నేల తయారు చేసి పెట్టుకోండి, మడులు కొలవడం దగ్గర్నుంచి పిల్లలకు అప్పగించండి.

మడి 10 మీటర్లు × 5 మీటర్లు చాలు, అంటే సుమారు అర గుంట (ఎకరాకు 40 గుంటలు). ఇద్దరికో మడి చొప్పున 30 మడులకు 15 గుంటలు పోతుంది, బాటలు అదనం. 30 సెం.మీ. ఎడంతో 16 సాళ్లు, సాలుకు 10 సెం.మీ.కొకటి చొప్పున 100 మొక్కలు, మొత్తం 1,600. నూరు గింజల బరువు వాళ్లతోనే తూయించండి. జేజీ 11కి 22, 23 గ్రాములు వస్తుంది, ఆ లెక్కన మడికి 360 గ్రాములు. ఎకరాకు 30 కిలోలన్న సిఫారసును 80తో భాగిస్తే 375. రెండు దారుల్లోనూ దాదాపు ఒకే అంకె వచ్చేసరికి విత్తన మోతాదు అంటే ఏమిటో బోర్డు మీద చెప్పనక్కర్లేదు.

ఎరువు కూడా అంతే. ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. నత్రజని, భాస్వరం రెండూ ఉన్న డీఏపీ ఎరువు 43.5 కిలోలు వేస్తే రెండూ తీరిపోతాయి. అర గుంటకు 545 గ్రాములు. సాలులో గింజకు తగలకుండా కాస్త పక్కగా, లోతుగా పడాలి. గింజా ఎరువూ కలిపి చల్లిన మడిలో మొలకలు పలచబడతాయి. ఒక మడిలో కావాలనే అలా చేయించి పక్క మడితో పోల్చి చూపించవచ్చు.

విత్తనశుద్ధిలో వరుస తప్పకూడదు. తెగులు మందు ముందు, పురుగు మందు తర్వాత, రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి మొక్కకు నత్రజని అందించే బ్యాక్టీరియా) కల్చరు చివర. కల్చరు పట్టించాక నీడలోనే ఆరబెట్టి వెంటనే విత్తాలి. వరుస తిరగబడితే కల్చరు మీద మందు పడి బ్యాక్టీరియా చస్తుంది. ఆ తర్వాత వేరు బుడిపెలు లేవని కల్చరును తిడతాం.

రెండో సెమిస్టరులో మార్చి మొదటి వారంలోనే చల్కాలో బోరు కింద పెసర వేయండి, 15 గుంటలు చాలు. 65, 70 రోజుల్లో, మే రెండో వారానికి కోత. వేసవి పెసరలో తెల్లదోమ ఉధృతి ఎక్కువ, అది మోసుకొచ్చే పల్లాకు తెగులు (ఆకులు పసుపు పడేది) తట్టుకునే రకమే తీసుకోండి. శనగ కోసిన రేగడి మేలో ఖాళీగా ఉంటుంది కాబట్టి మట్టి నమూనాల ప్రాక్టికల్ అప్పుడే. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వేసిన చోటు వదిలేసి 8, 10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెం.మీ. లోతు గుంత తీయించి, పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమంగా చెక్కించండి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలోకు తేవాలి. పిల్లలు పై మట్టి గుప్పెడు తీసి సంచిలో వేస్తారు, అదొక్కటి కనిపెట్టుకోండి.

వరికి ఆర్‌ఎన్‌ఆర్ 15048 లాంటి 125 రోజుల రకం ఎంచుకుంటే పరీక్షలయ్యాక జూలై మొదటి పక్షంలో నారు పోసినా ఇబ్బంది లేదు. ఒక్క బోరుకు 10 గుంటలు మించొద్దు. దానికి 6 కిలోల విత్తనం, అర గుంట నారుమడి. నవంబరు రెండు, మూడు వారాల్లో కోత, అంటే మూడో సెమిస్టరులోనే. మామిడి అంట్లు, పురుగుల సేకరణ కూడా ఆ సెమిస్టరువే. వాన తేమ ఉన్నప్పుడు కట్టిన అంటే బాగా పట్టుకుంటుంది.

తాండూరులో ఉండి కంది లేకపోతే బాగోదు, 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పంట. కాకపోతే దాని కాలం ఒక సెమిస్టరులో ఇమడదు. రేగడిలో ఒక పట్టీ రెండో సంవత్సరం వాళ్లు విత్తితే, కోత వేళకు మొదటి సంవత్సరం వాళ్లను కలపండి.

గొర్రు_గుంటక జవాబు:

పట్టికతో పేచీ లేదు గానీ, 60 మంది ప్రాక్టికల్‌ను వర్షాధార శనగ ఒక్కదాని మీదే పెట్టడం నాకు నచ్చదు. సెప్టెంబరుతోనే వానలు ఆగిన ఏడాది రేగడి పైపొర ఎండి నెర్రెలిస్తుంది, మొలక అక్కడొకటి ఇక్కడొకటి. చల్కాలో 15 గుంటలు యాసంగి మొక్కజొన్నకు అట్టిపెట్టుకోండి. 60 × 20 సెం.మీ., అదే 10 × 5 మడికి 8 సాళ్లు, సాలుకు 50, మొత్తం 400 మొక్కలు, 100 గ్రాముల విత్తనం. సందులు పూరించడానికి ఇంకో 10 గ్రాములు. శనగ బాగా మొలిస్తే ఈ మడులు కత్తెర పురుగు లెక్కింపుకు పనికొస్తాయి. మొలిచిన పది రోజుల నుంచి వారానికోసారి ఐదు చోట్ల పదేసి మొక్కల సుడులు విప్పి చూడటం ఏ పుస్తకం కన్నా బాగా నేర్పుతుంది.

మడికి ఇద్దరు అన్నది సరైన లెక్కే. నలుగురిని పెడితే ఇద్దరు పని చేస్తారు, ఇద్దరు రికార్డు రాస్తారు.

ల్యాబు విషయానికొస్తే, ముందు గ్రాము తేడా పట్టే ఎలక్ట్రానిక్ త్రాసు, మట్టి ఆమ్ల, క్షార గుణం చూపే పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే బఫర్ ద్రావణాలు, 2 మి.మీ. జల్లెడ, కొలజాడీలు, మొలక పరీక్షకు ఇసుక ట్రేలు, వర్షమాపకం. మైక్రోస్కోపులు పదీ ఒకేసారి కొననక్కర్లేదు. పీహెచ్‌కు 20 గ్రాముల మట్టి, 50 మి.లీ. నీళ్లు. బఫర్‌తో సరిచూడని మీటరు ఎంత ఖరీదుదైనా ఒకటే.

విత్తే ముందు మొలక పరీక్ష తప్పనిసరి. నూరేసి గింజలు నాలుగు ట్రేల్లో పెట్టి, శనగకు 5వ రోజు, 8వ రోజు లెక్క. 85 శాతానికి తగ్గితే ఆ విత్తనం వద్దు. నాలుగు ట్రేల మధ్య తేడా బాగా ఎక్కువుంటే తప్పు గింజది కాదు, తడి పెట్టడంలో ఉంది, మళ్లీ చేయించండి.

తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం లీటరుకు 10 గ్రాముల మైలుతుత్తం (రాగి లవణం), 10 గ్రాముల సున్నంతో చేయించండి. ఇనుప పాత్ర వద్దు, ప్లాస్టిక్ మగ్గులు చాలు. తుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోయాలి. తర్వాత తోమిన ఇనుప మేకు ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత కనిపించకూడదు. కనిపిస్తే సున్నం చాలలేదు, ఆకులు మాడతాయి. పాత సున్నం గాలికి చచ్చిపోయి ఉంటుంది కాబట్టి మొదటిసారి దాదాపు అందరికీ ఎర్రబడుతుంది.

స్ప్రేయరు ప్రాక్టికల్ మంచినీళ్లతోనే. పిల్లలకు పదహారేళ్లు, మందు చేతికివ్వకండి. 100 చదరపు మీటర్లు కొలిచి, ట్యాంకులో గుర్తు దాకా నింపి, మామూలు నడకతో కొట్టించి, మళ్లీ గుర్తు దాకా నింపడానికి ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. 5 లీటర్లు పడితే ఎకరాకు 200. రెండున్నరే పడితే నడక వేగమో, నాజిల్ పూడికో. లీటరుకు 2 మి.లీ. చొప్పున కలిపే రైతు అలా కొడితే ఎకరాకు 400 మి.లీ. బదులు 200 మాత్రమే పడుతుంది. ఆపైన మందు పనిచేయలేదని దుకాణానికి పోతాడు.

రేగడి_చల్కా:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండు సందేహాలు. సంక్రాంతి సెలవులకు శనగ సరిగ్గా కాయ మీద ఉంటుంది, పచ్చపురుగు వస్తే చూసేదెవరు? ఇంకోటి, ఆఖరికి దిగుబడి లెక్క ఎలా కట్టించాలి?

ఇరువాలు:

పూత మొదలవగానే ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసన ఎరతో మగ పురుగులను పట్టేవి), అక్కడక్కడా పక్షులు వాలేందుకు పంగల కర్రలు పాతించండి. ఎరలు మూడు, నాలుగు వారాలకు పనికిరాకుండా పోతాయి, సెలవులకు వెళ్లే ముందే కొత్తవి మార్చాలి. బుట్టల్లో పడిన రెక్కల పురుగుల లెక్క రోజూ రాయడానికి ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇళ్లున్న పిల్లలకు వంతులు వేయండి. లెక్క ఒక్కసారిగా పెరిగితే కబురు చేస్తారు. మందు కొట్టాల్సి వస్తే అది కాలేజీ కూలీల పని.

దిగుబడికి మడి అంతా కోసి తూచొద్దు. అంచు మొక్కలకు ఎండా నేలా ఎక్కువ దొరుకుతాయి, వాటిని కలిపితే లెక్క ఉబ్బుతుంది. అటూ ఇటూ ఒక్కో సాలు, రెండు కొసల్లో అర మీటరు వదిలేస్తే 14 సాళ్లు × 9 మీటర్లు, 37.8 చదరపు మీటర్లు మిగులుతుంది. ఆ గింజలు కొరికితే టక్కుమనేదాకా ఎండబెట్టి, తూచి, 107తో గుణిస్తే (ఎకరాలో అలాంటి ముక్కలు 107 పడతాయి) ఎకరా దిగుబడి. పచ్చిగా ఉన్నప్పుడే తూస్తే ఆ తేమను కూడా 107తో గుణించినట్టే. వదిలేసిన అంచులు విడిగా కోసి తూయించండి, తేడా ఎంతో వాళ్లే రికార్డులో రాసుకుంటారు.