త్రిత్వ సిద్ధాంతం తర్కానికి నిలుస్తుందా?

అక్కయ్యపాలెం_యువత:
ఆదివారం మా బైబిల్ స్టడీలో త్రిత్వం మీద చర్చ. ఆంధ్రా యూనివర్సిటీలో లాజిక్ చదివే పిల్లలూ వస్తారు. తండ్రి, కుమారుడు (యేసు), పరిశుద్ధాత్మ ముగ్గురూ దేవుడే, దేవుడు ఒక్కడే అంటే వైరుధ్యం కదా అని అడిగితే ఏం చెప్పాలి? నీరు, మంచు, ఆవిరి పోలిక సరిపోతుందా?

పెదవాల్తేరు_పాఠకుడు:
ఆ పోలిక వద్దు బ్రదర్. ఒకే నీరు రూపం మార్చుకుంటుందంటే అది ఒకే దేవుడు మూడు రూపాల్లో కనిపిస్తాడన్న సబెల్లియస్ బోధ, 3వ శతాబ్దంలోనే సంఘం కాదంది. మత్తయి 3:16-17 చూడండి: కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, తండ్రి స్వరం ఆకాశం నుంచి. ఒక్కరే రూపాలు మారుస్తుంటే ఇదంతా ఒకేసారి ఎలా?

బోర్డు మీద ఏడు వాక్యాలు రాయండి. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, ఆత్మ దేవుడు: మూడు. తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాడు, తండ్రి ఆత్మ కాడు: ఇంకో మూడు. దేవుడు ఒక్కడే: ఏడోది. మొదటి మూడింటిని సమీకరణాలుగా చదివితే తండ్రి = దేవుడు, కుమారుడు = దేవుడు కాబట్టి తండ్రి = కుమారుడు. నాలుగో వాక్యం కూలింది. "పేతురు మనిషి" అన్నట్టు, అంటే ఒక్కొక్కరూ ఆ జాతికి చెందినవారని చదివితే, ముగ్గురు దేవుళ్లు తేలతారు, ఏడోది కూలుతుంది. 1987లో తత్వవేత్త రిచర్డ్ కార్ట్‌రైట్ చిక్కంతా ఇక్కడే ఉందని చూపించాడు.

సీతమ్మధార_తార్కికుడు:
మూడో దారి ఉందండి. తత్వవేత్త పీటర్ గీచ్ ప్రకారం "ఒకటే" అంటే చాలదు, ఏ రకంగా ఒకటో చెప్పాలి. తండ్రి, కుమారుడు ఒకే దేవుడు, కానీ ఒకే వ్యక్తి కాదు. ఈ పద్ధతిలో ఏడు వాక్యాలూ కలిసి నిలుస్తాయని 1988లో మరో తత్వవేత్త పీటర్ వాన్ ఇన్వాగెన్ చూపించాడు. దానికి మూల్యం ఉంది. శరీరధారి అయింది కుమారుడే, తండ్రి కాదు. ఇద్దరూ ఒకే దేవుడైతే ఒకరి గురించి నిజమైనది రెండోవారి గురించీ నిజం కావాలి కదా? ఆ లైబ్నిట్జ్ నియమాన్ని ఇక్కడ సడలించాలి. పిల్లలు పట్టుకునేది అక్కడే. ఆ మూల్యం దాచకుండా ముందే చెప్పండి.

ఎంవీపీ_సందేహి:
వైరుధ్యం లేదని చూపడం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు. పేతురు, యాకోబు, యోహాను ముగ్గురు మనుషులైతే వీరు ముగ్గురు దేవుళ్లు ఎందుకు కారు?

పెదవాల్తేరు_పాఠకుడు:
అబ్లాబియస్‌ అడిగింది ఇదే, జవాబు రాసింది 4వ శతాబ్దపు బిషప్ నిస్సా గ్రెగరీ. ముగ్గురు మనుషులు ఒకే పని చేసినా ఎవరి పని వాళ్లదే. దేవునిలో పని ఒక్కటే: తండ్రి నుంచి మొదలై, కుమారుని ద్వారా సాగి, ఆత్మలో పూర్తవుతుంది. అందుకే లెక్క మూడు కాదంటాడు. నాకు ఇదే బలమైన జవాబు. అయితే పని ఒక్కటైతే చేసేవాడూ ఒక్కడేనా అన్నది ఇంకా వాదించాల్సిందే.

అక్కయ్యపాలెం_యువత:
మార్కు 13:32 తెస్తే? అంత్యదినం ఎప్పుడో కుమారునికీ తెలియదని యేసే అన్నాడు.

సీతమ్మధార_తార్కికుడు:
అది ఎక్కువగా అవతార ప్రశ్న, అంటే దేవుడు మనిషిగా రావడం గురించింది. క్రీ.శ. 451లో కల్కెదోను సంఘ సభ చెప్పిన, క్రీస్తులోని దైవ, మానవ స్వభావాల దగ్గరికి వెళ్తుంది. దానికి వేరే ఆదివారం పెట్టండి.