అప్‌డేట్: నాన్నగారి ఆయాసం ఆస్తమా కాదు, గుండె వైఫల్యం

ఆమదాలవలసలో ఉంటున్న మా నాన్నగారికి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడడం లేదని, పాదాలు వాస్తున్నాయని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. అప్పటికి ఆరు నెలలుగా ఆస్తమా మందులే వాడుతున్నాం. ఎకో (గుండె స్కానింగ్) తీయించమన్న వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

శ్రీకాకుళంలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష చేయించాం. గుండె గోడలు ఒత్తిడికి సాగినప్పుడు రక్తంలో పెరిగే పదార్థమది. నాన్నగారికి చాలా ఎక్కువగా ఉంది. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో బయటికి పంపే వంతు, 30 శాతమే. గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడమని అమ్మ ఏడ్చేసింది. కాదు, రక్తాన్ని తగినంతగా పంపలేకపోవడమని డాక్టరుగారు ఓపికగా వివరించారు.

నాలుగు రకాల మందులు మొదలుపెట్టారు. అందులో డపాగ్లిఫ్లోజిన్ చూసి, షుగరు లేని మనిషికి షుగరు మాత్రా అని కంగారుపడ్డాను. షుగరు లేని గుండె రోగులకూ అది మేలు చేస్తుందని 2019లో డాపా-హెచ్‌ఎఫ్ పరిశోధన తేల్చిందట. మోకాళ్ల నొప్పికి సొంతంగా కొనుక్కునే మాత్రలు ఒంట్లో నీరు నిలుపుతాయని పూర్తిగా మాన్పించారు. ఇది మాకెవరూ ముందు చెప్పలేదు!

ఉప్పుచేప, ఆవకాయ బంద్. రోజూ పొద్దున్నే బరువు చూసి రాస్తున్నాం. వారంలో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోను చేయాలి. నిన్న రాత్రి నాన్నగారు ఒక్క దిండుతోనే నిద్రపోయారు.