చిన్న బృందగానానికి కీబోర్డు తోడుండాలా?

రెండో ఆల్టో:
మా బృందంలో 16 మందిమి, నాలుగు గొంతులకూ నలుగురేసి. నాది ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది స్థాయిది. ఉద్యోగాలు చేసుకుంటూ వారానికి ఒక సాయంత్రం కలిసి పాడుకుంటాం. మొన్నటి కచేరీలో వాద్యం లేకుండా ఎత్తుకున్న పాట మూడో పేజీ దాటేసరికి అరస్వరం, అంటే కీబోర్డు మీద పక్క మెట్టంత, కిందికి జారింది. పాడుతున్న మాకు తెలియనే లేదు. పాట చివర కీబోర్డు అందుకోగానే సభ మొత్తానికీ తెలిసిపోయింది. ఇకపై ప్రతి పాటకూ కీబోర్డు సన్నగా మోగుతూనే ఉండాలని సగం మంది పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. కీబోర్డు ఆగాకే మేము ఒకరి గొంతు ఒకరం వింటాం. మీరేమంటారు?

మంద్రస్థాయి:
ఉండాలనే నేనంటాను. మాది 11 మంది బృందం, టెనర్లు, అంటే పై స్థాయి మగగొంతులవాళ్లు, ఇద్దరే. ఒకసారి కచేరీ రోజునే ఒకరికి గొంతు పోయింది. మిగిలిన ఆయన చేతిలో స్వరాల కాగితం వణకడం పక్కనుంచి చూశాను. ఇద్దరుంటే ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు మరొకరు స్వరాన్ని నిలుపుతారు. ఒక్కరే అయితే అది తెగుతుంది. ఆయనకు ఆ రోజు కీబోర్డు ఆసరా ఇచ్చి ఉండాల్సింది. శ్రోత తన సాయంత్రాన్ని మన చేతిలో పెట్టాడు, ఆ మర్యాద నిలుపుకోవాలి.

శ్రుతిపెట్టె:
నేను ఇలాంటి బృందాన్నే నడిపిస్తున్నాను. శ్రుతి జారిన ప్రతిసారీ చెవిని తప్పుపట్టకండి. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు. కీబోర్డులో అరస్వరానికి 100 సెంట్ల లెక్కన షడ్జం నుంచి అంతర గాంధారం 400 సెంట్ల దూరం. గొంతులు నిండుగా కలిసే గాంధారం 386 దగ్గరే ఉంటుంది. తంబూరా మీటితే లీలగా వినిపించేది అదే. అంటే చెవి బాగున్నవాళ్లకే కీబోర్డుతో పేచీ. అయితే అలా స్వచ్ఛంగా కలుపుకుంటూ పోతే కొన్ని స్వరాల వరుసలు తిరిగి మొదటికి వచ్చేసరికి 81:80 నిష్పత్తిలో, సుమారు అరస్వరంలో అయిదో వంతు, దిగిపోతాం. ఈ సంగతిని ఇటలీ గణితజ్ఞుడు బెనెదెట్టి 16వ శతాబ్దంలోనే లెక్కగట్టి చూపించాడు. అయిదు చుట్లు తిరిగితే మీ అరస్వరం పూర్తి!

మీ పాటలో అంతా లెక్కల పనే అనను. దిగే స్వరాన్ని మరీ దించడం, ఎక్కేదాన్ని పూర్తిగా ఎక్కకపోవడం, ఒకే స్వరం మీద ఊపిరి సడలడం, ఇవి అభ్యాసంతో పోతాయి. మేము నాలుగు పంక్తులు పాడి ఆగి, కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కి చూసుకుంటాం. జారిన చోట పెన్సిలుతో పైకి బాణం గీస్తాం.

మంద్రస్థాయి:
బాణం మంచి ఉపాయమే. కానీ ఒంటరి టెనర్‌కు అది ఊపిరి పోయదు కదండీ.

రెండో ఆల్టో:
నిజమే. గొంతుకు ఇద్దరైనా లేని రోజున కీబోర్డుకు నేనూ ఒప్పుకుంటాను. ఉన్న రోజున మాత్రం ఒప్పుకోను. శ్రుతిపెట్టె గారూ, మీరు చెప్పాక ఆ మూడో పేజీ తెరిచి చూశాను. ఆల్టోలం ఒకే స్వరం మీద ఎనిమిది అక్షరాలు పలకాలి అక్కడ. మొదట జారింది మేమే అయి ఉంటాం. ఈ వారం అభ్యాసంలో సరిగ్గా ఆ పంక్తి దగ్గర ఆపి చూడమని అడుగుతాను.