చెస్‌లో రూక్ (ఏనుగు) ఎండింగు డ్రా: మూడుసార్ల క్లెయిమ్ ఎందుకు చెల్లలేదు?

రాయగడ_బంటు:
మా వైపు టోర్నీలో ఇద్దరు సీనియర్ల ఆట. తెల్ల: రాజు డీ5 (డీ నిలువు వరస, 5వ అడ్డ వరస), రూక్ ఏ7, బంటు ఈ5. నల్ల: రాజు ఈ8, రూక్ బీ6. 62వ ఎత్తు తెల్లది. రూక్ హెచ్7, రూక్ జీ6, రూక్ ఏ7, రూక్ బీ6, మళ్ళీ అవే. 65వ ఎత్తు రూక్ బీ6 ఆడి, గడియారం నొక్కి, అప్పుడు నల్లవారు ఆర్బిటర్‌ని (ఆట రెఫరీని) పిలిచి, ఒకే పొజిషన్ మూడుసార్లు వచ్చింది కాబట్టి డ్రా ఇమ్మన్నారు. క్లెయిమ్ కొట్టేశారు, ఆట తర్వాత డ్రానే అయింది. పొజిషన్ మూడోసారి వచ్చింది కదా, మరి తప్పెక్కడ?

కిమిడి_ఆర్బిటర్:
పొజిషన్ లెక్క సరే, వరస తప్పింది. రూక్ బీ6 అని స్కోర్‌షీట్ మీద రాయాలి, పావు ముట్టకూడదు, గడియారం ఆపి ఆర్బిటర్‌కి చెప్పాలి. రూక్ ముట్టుకుంటే ఆ ఎత్తుకి హక్కు పోయినట్టే. గడియారం నొక్కాక వంతు తెల్లది, అప్పుడు క్లెయిమ్ చేసుకోగలిగింది తెల్లవారే! వాళ్ళు 66వ ఎత్తు మళ్ళీ హెచ్7కే వెళ్తే ఆ పొజిషన్ కూడా మూడోసారి, నల్లవారు అప్పుడు అడగొచ్చు. బంటు తోస్తే మాత్రం లెక్క మొదటికొస్తుంది. తప్పు క్లెయిమ్‌కి స్టాండర్డ్ (ఎక్కువ టైమ్ ఉండే) ఆటలో ఎదుటివారికి 2 నిమిషాలు కలుపుతారు.

రాయగడ_బంటు:
థాంక్స్ అండీ. ఇంకోటి: ఆ నల్ల రూక్ ఆరో వరస వదలదేం? వెనక నుంచి చెక్‌లు ఇవ్వొచ్చుగా?

జయపురం64:
అది ఫిలిడోర్ పొజిషన్, అంటే బంటు తక్కువున్న వైపు రూక్ ఎండింగులో డ్రా నిలబెట్టుకునే పేరున్న పద్ధతి. రూక్ ఆరో వరసలో ఉన్నంతసేపు తెల్ల రాజు ముందుకి రాలేదు. ఈ6 తోసిన మరుక్షణం రూక్ బీ1కి దిగాలి. రాజు డీ6కి వస్తే డీ1 నుంచి చెక్, ఈ5కి వెళ్తే ఈ1 నుంచి చెక్. బంటు ముందుకెళ్ళిపోయింది కాబట్టి రాజుకి దాక్కునే చోటుండదు.

బంటు తోయకముందే రూక్ దిగితే తెల్ల రాజు ఈ6 ఎక్కి, ఏ8 మీద మేట్ బెదిరింపు పెడుతుంది. అప్పటికీ ఓడిపోయినట్టు కాదు: నల్ల రాజు ఎఫ్8కి, రూక్ ఈ1కి వెళ్తే నిలుస్తుంది, కానీ టైమ్ ట్రబుల్‌లో అది వెతకడం కష్టం. రూక్‌ని ఎనిమిదో వరసలో కూర్చోబెట్టడం ఇంకా చెడ్డది. ఏ, బీ, జీ, హెచ్ బంట్లకైతే నడుస్తుంది, మధ్య బంటుకి మునుగుతారు.

ఒక మాట, జీ6 బదులు సీ6 ఆడితే రాజే రూక్‌ని తినేస్తుంది. తొందరలో పెద్ద రేటింగుల వాళ్ళే వేస్తారు.

కిమిడి_ఆర్బిటర్:
తెల్లవారు తోయకుండా తిప్పుతూనే ఉంటే 50 ఎత్తుల క్లెయిమ్ (బంటు కదలకుండా, పావు పోకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగడం) ఉంది, దానికీ ఇదే పద్ధతి. 75 అయితే ఎవరూ అడక్కపోయినా ఆర్బిటరే డ్రా ఇస్తాడు.