పారిస్‌లో మారే ఏరియా: అమ్మానాన్నలతో రెండున్నర రోజులు, తక్కువ ఖర్చులో ఎలా?

ఆఖెన్_కుర్రాడు:
అందరికీ నమస్తే అండి, నేను జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నా, వచ్చే నెల అమ్మా నాన్నా తెనాలి నుంచి వస్తున్నారు, ఒకసారి పారిస్ చూపిద్దామని ప్లాన్. శనివారం మధ్యాహ్నం బస్సు దిగుతాం, సోమవారం సాయంత్రం మళ్ళీ బస్సు. ఈఫిల్ టవర్ కింద నుంచి చూసేస్తాం, పైకి ఎక్కే ఉద్దేశం లేదు. మిగతా టైమంతా పాత పారిస్ ఏరియా ఏదైనా ఒకటి నింపాదిగా తిరుగుదామని, మారే అని ఎవరో చెప్పారు. రూమ్ కాకుండా ముగ్గురికీ కలిపి రోజుకి 60 యూరోలు దాటకూడదు. అమ్మ ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినదు. నాన్నకి మోకాళ్ళ నొప్పి, పైగా ప్రతి రేటూ రూపాయల్లోకి మార్చి చూసి "వద్దులేరా" అంటారు 😅 అసలు ఇది అయ్యే పనేనా?

వాన్సెన్_అక్క:
అవుతుంది తమ్ముడూ. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, మా ఇంటికి ఎవరొచ్చినా ముందు మారేకే తీసుకెళ్తా, ఎందుకంటే అక్కడ చూడాల్సినవాటిలో చాలావాటికి టికెట్టే లేదు. నీకు సమస్య డబ్బు కాదు, వారాలు. మారే పాత యూదుల పేట, శనివారం వాళ్ళ హోటళ్ళు మూసేస్తారు, సోమవారం సిటీ మ్యూజియాలు మూసేస్తారు, నువ్వు సరిగ్గా ఆ రెండు రోజులూ పట్టుకున్నావ్. కాబట్టి శనివారం మ్యూజియం, ఆదివారం తిండి, సోమవారం వీధులూ గోడలూ, ఈ లెక్క తప్పితే మూసిన తలుపుల ముందు ఫొటోలు దిగాలి.

రూమ్ ఇంకా బుక్ చెయ్యకపోతే వాన్సెన్ వైపు చూడు. మెట్రో లైన్ 1 చివర అది, ఎక్కడా మారకుండా నేరుగా మారే మధ్యలో సాన్ పోల్ స్టేషన్‌లో దిగొచ్చు. 2025 జనవరి నుంచి మెట్రోకి జోన్ల గొడవ తీసేశారు, ఎయిర్‌పోర్ట్ తప్ప ఎక్కడికెళ్ళినా ఒకే రేటు, అప్పట్లో 2.50 యూరోలు పెట్టారు, తర్వాత కాస్త పెరిగింది. కాబట్టి ఊరి చివర ఉంటే టికెట్‌కి ఎక్కువవుతుందనే భయం లేదు, రూమ్ మాత్రం తగ్గుతుంది. నవిగో ఈజీ అని 2 యూరోల కార్డు ఉంటుంది, టికెట్లు అందులో లోడ్ చేసుకోవాలి, ఒకే కార్డు ముగ్గురూ మార్చి మార్చి వాడటం కుదరదు, మనిషికొకటి తీసుకోవాల్సిందే. డే పాస్ 12 యూరోల పైనే, రోజుకి రెండు సార్లు మెట్రో ఎక్కేవాళ్ళకి అది దండగ.

నాన్నగారి మోకాళ్ళ సంగతి, సాన్ పోల్‌లో మెట్లు ఎక్కాల్సిందే, లిఫ్ట్ లేదు. ఊళ్ళో తిరగడానికి 69 నంబర్ బస్సు చూడు. ఈఫిల్ టవర్ పక్కన షాన్ ద మార్స్ దగ్గర బయల్దేరి లూవ్ర్ మ్యూజియం మీదుగా మారేలోకి వచ్చి బాస్టిల్ వైపు వెళ్తుంది, టూరిస్టు బస్సుకి ముప్పై నలభై యూరోలు పోసే బదులు ఇందులో కిటికీ పక్కన కూచుంటే సగం పారిస్ అయిపోతుంది. బస్సు టికెట్ వేరు మెట్రో టికెట్ వేరు అని మర్చిపోవద్దు, బస్సు దిగి అదే టికెట్‌తో మెట్రో ఎక్కడానికి లేదు.

ఆఖెన్_కుర్రాడు:
అక్కా థాంక్యూ, ఈ వారాల సంగతి నాకు అస్సలు తెలీదు. మరి ఏ రోజు ఏం చూడాలో కొంచెం చెప్తారా?

వాన్సెన్_అక్క:
శనివారం సామాన్లు రూమ్‌లో పడేసి కార్నావలే మ్యూజియంకి రండి, పర్మనెంట్ కలెక్షన్ ఫ్రీ, సాయంత్రం ఆరింటికి మూసేస్తారు కాబట్టి నాలుగు లోపు లోపలుండాలి. మొత్తం పారిస్ ఊరి చరిత్రే అది. అన్నీ చూడాలని పరిగెత్తకండి, ఫ్రెంచి విప్లవం గదులకి వెళ్ళండి, బాస్టిల్ జైలు కూలగొట్టాక ఆ రాయితోనే చెక్కిన బాస్టిల్ బొమ్మ ఉంటుంది, మా నాన్న దాని ముందు పావుగంట నిలబడ్డారు.

అక్కడ్నుంచి అయిదారు నిమిషాలు నడిస్తే ప్లాస్ దే వోజ్ అనే పాత చౌకు. నాలుగో హెన్రీ రాజు 1605లో మొదలుపెట్టించాడు, 1612కి పూర్తయింది, చుట్టూ 36 ఇళ్ళు ఒకే తీరులో ఎర్ర ఇటుక, తెల్ల రాయి, నల్ల పలకల కప్పు. మధ్యలో పార్కు, పచ్చిక మీద కూచోవచ్చు, పైసా ఖర్చు లేదు. మూలన 6 నంబర్ ఇంట్లో రచయిత విక్టర్ హ్యూగో 1832 నుంచి 1848 దాకా అద్దెకున్నాడు, ఇప్పుడది మ్యూజియం, అది కూడా ఫ్రీయే, అప్పటికి ఓపిక మిగిలితే.

ఇంకోటి, దారిలో ఓతెల్ ద సుల్లీ, ఓతెల్ ద సాన్స్ అని బోర్డులు కనపడతాయి, నాన్నగారు రూమ్ రేటు అడుగుతారేమో, అవి హోటళ్ళు కాదు, జమీందార్ల దివాణాల్లాంటివి 😄 సుల్లీ మెయిన్ రోడ్డు మీదే ఉంది, గేటులోంచి లోపలికెళ్ళి రెండు ముంగిళ్ళు దాటితే వెనక మూలన చిన్న తలుపు, అది దాటితే నేరుగా ప్లాస్ దే వోజ్‌లో తేలతారు. ఆ తలుపు చాలామందికి తెలీదు.

నడక_పిచ్చి:
ఆదివారం నేను చెప్తా. అక్క చెప్పినట్టు ఆ రోజు తిండి రోజు. ర్యూ దే రోజియే అనే వీధిలో ఫలాఫెల్ తినండి. శనగల్ని నానబెట్టి రుబ్బి వేయించినవి, మన మసాలా వడకి మేనత్త కొడుకు అనుకో. పీతా రొట్టె చీల్చి అందులో నాలుగైదు వేసి, వేయించిన వంకాయ, క్యాబేజీ, పైన నువ్వుల సాస్ కుక్కి ఇస్తారు, కారం వెయ్యమంటే ఎర్ర చట్నీ వేస్తారు. ఫోర్కు ఇస్తారు కానీ చేత్తో తింటే మోచేతి దాకా కారుద్ది, న్యాప్కిన్లు నాలుగు ఎక్కువ అడుగు. కిటికీ దగ్గర కొని నిలబడి తింటే మనిషికి ఎనిమిది నుంచి పది యూరోలు, అదే లోపల కూచుంటే రేటు వేరు. అమ్మగారికి ఒక్కటి సగమే అవుద్ది, మూడు బదులు రెండు కొన్నా సరిపోవచ్చు. పక్కనే మాంసం కూడా కోస్తుంటారు, ఆవిడ పట్టింపు ఎంతో నువ్వే చూసుకో. గుడ్డు వెయ్యకుండా ఇమ్మని చెప్పు, కొన్ని చోట్ల ఉడికించిన గుడ్డు కలిపే శాండ్‌విచ్ ఉంటుంది.

తినేశాక ఆ వీధి మూలన స్కూలు ఒకటుంది, ఒకప్పుడు మాంసం మార్కెట్, గోడకి ఇంకా కంచు ఎద్దు తలలుంటాయి. దాని మీద ఫలకం చదవండి, ఆ స్కూలు యూదు పిల్లలు 165 మందిని నాజీలు క్యాంపులకి తోలి చంపేశారు. అప్పటిదాకా ఫలాఫెల్ గురించి జోకులేస్తున్న మా బ్యాచ్ మొత్తం సైలెంటైపోయింది. నదివైపు షోవా మెమోరియల్, అంటే నాజీలు చంపిన యూదుల స్మారకం, అది కూడా ఫ్రీ, శనివారం మూసేస్తారు కానీ ఆదివారం ఉంటుంది, లోపల గోడల మీద ఫ్రాన్స్ నుంచి క్యాంపులకి తోలిన యూదుల పేర్లు 76,000 చెక్కి ఉంటాయి.

వాన్సెన్_అక్క:
సోమవారం సామాన్లు రూమ్‌లోనే వదిలేసి సాన్ పోల్‌కి దక్షిణం వైపు రండి, ఇటు జనం తక్కువ. ర్యూ దే జార్దాన్ సాన్ పోల్‌లో 1190లో ఫిలిప్ ఆగస్ట్ రాజు మొదలుపెట్టిన ఊరి కోటగోడ ముక్క నిలబడి ఉంది, దాని కిందే పిల్లలు బంతాట ఆడుతుంటారు, బంతి వెళ్ళి ఎనిమిది వందల ఏళ్ళ గోడకి టప్పున తగులుద్ది, ఎవరూ ఏమీ అనరు. రెండడుగులు వేస్తే ఓతెల్ ద సాన్స్, దాని ముఖద్వారం పైన గోడలో ఒక ఫిరంగి గుండు ఇరుక్కుని ఉంది, 1830 జులై 28 అని కింద చెక్కారు, ఆ ఏడాది తిరుగుబాటప్పుడు తగిలిందట. నాన్నగారిని వెతకమను, ఊరికే దొరకదు. అక్కడ్నుంచి వంతెన దాటి ఈల్ సాన్ లూయీ అనే నది మధ్య లంక మీదుగా మెల్లగా నడిస్తే నోత్ర్ దామ్ చర్చి, 2019లో కాలిపోయాక బాగుచేసి 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు, ప్రవేశం ఫ్రీ, సోమవారం కూడా ఉంటుంది. క్యూ చూసి హడలిపోవద్దు, త్వరగానే కదులుద్ది.

నీళ్ళు కొనొద్దు. ఆకుపచ్చ ఇనప ఫౌంటెన్లు కనపడితే బాటిల్ పట్టుకోండి. హోటల్లో కూచుంటే "యూన్ కరాఫ్ దో" అని అడగాలి, కుళాయి నీళ్ళు ఊరికే ఇస్తారు. నేను కొత్తలో ఉత్త "వాటర్" అని అడిగి ఒక సీసాకి ఆరు యూరోలు కట్టా, ఆ రోజు తిన్న పాస్తా కంటే అదే గుర్తుంది. వీధుల్లో బూడిద రంగు టాయిలెట్లు కూడా ఫ్రీ, ఒకరు బయటికొచ్చాక తలుపు మూసుకుని అదే కడుక్కుంటుంది, ఆగాలి, గబుక్కున దూరొద్దు.

ఆఖెన్_కుర్రాడు:
లెక్క వేశా అక్కా. ఆదివారం మెట్రో రాను పోను ముగ్గురికీ 15 పైన, ఫలాఫెల్ మూడు అనుకుంటే 30, ఇంకా పదీ పదిహేను మిగులుతుంది. ఆఖరి డౌటు, అమ్మకి రాత్రి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు.

వాన్సెన్_అక్క:
వంటగది ఉన్న స్టూడియో తీసుకో, కుక్కర్ లేకపోయినా గిన్నెలో అన్నం వండుకోవచ్చు. సూపర్‌మార్కెట్‌లో "యావూర్త్ నాత్యూర్" అంటే మామూలు పెరుగు, చిన్న కప్పులు నాలుగు కలిపి అమ్ముతారు. లేబుల్ మీద జెలాటిన్ (జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసేది) లేదని చూసుకో. పులుపు మాత్రం ఉండదు, ఆవిడకి ముందే చెప్పు. ఊరగాయ తెనాలి నుంచి ఎలాగూ వస్తుంది కదా.